సిపాయి బిళ్ళల సాయిబుగారు

ఆయన పోయిన సంగతి నాకు జిరాక్స్ మిషన్ దగ్గర తెలిసింది. వాళ్ళ పక్కింటి ఖైరూన్ బీ ఒక ఆధార్ కార్డు తెచ్చి, "అయిదు కాపీలు తియ్యమ్మా, డెత్ సర్టిఫికెట్‌కి" అంది. ఎవరిదని అడగకుండానే కార్డు బోర్లా పెట్టి మూత వేశాను. మొదటి కాగితం బయటికొచ్చాక ముఖం కనిపించింది. మిగతా నాలుగూ వచ్చాక అడిగాను.

"ఎప్పుడు?"

"మొన్న పొద్దున. చాయ్ పెట్టుకున్నాడు. తాగలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే."

ఆ కార్డులో ఆయన పేరు తప్పు. తెలుగులో ఒక ఒత్తు పోయింది, ఇంగ్లీషులో ఒక అక్షరం ఎక్కువైంది. దిద్దిస్తాను బాబాయ్ గారూ అని నేను చాలాసార్లు అన్నాను. "నన్నెవరు వెతుకుతారులేమ్మా" అనేవారు. గిన్నెల మీద ఊరందరి పేర్లూ తప్పు లేకుండా కొట్టిన మనిషి అలా అనడం నాకు నచ్చేది కాదు. ఇక్కడ కూడా ఆయన పేరు రాయడం లేదు. తప్పు పేరు రాయలేను, సరైన పేరు ఏ కాగితం మీదా లేదు.

తెనాలి బజారులో మా జిరాక్స్ షాపుకి ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టు ఉంది. దాని మెట్ల పక్కన గోనెపట్టా వేసుకుని, కాళ్ళ మధ్య గిన్నె పెట్టుకుని, చిన్న ఉలీ సుత్తీ పట్టుకుని గిన్నెల మీద పేర్లు కొట్టేవారు. కరెంటు మిషన్లు వచ్చి చాలామంది ఉలి వదిలేశారు. ఆయన వదల్లేదు. గిన్నె తీసుకోగానే ముందు పేరు అడిగేవారు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత, "దీర్ఘం ఉందా అమ్మా, లేదా?" చెప్పింది చెప్పినట్టు కొట్టేసేవారు కాదు. ఒకసారి పైకి పలికి చూసుకుని, గిరాకీ తల ఊపాకే ఉలి పెట్టేవారు. కొట్టడం అయ్యాక అక్షరాల మీద బొటనవేలు పోనిచ్చేవారు. కళ్ళు మూసుకుని.

మొదటి బిళ్ళ ఆయనకి పాత ఇత్తడి కొనే కొట్లో దొరికింది. తూకం వేసి పోగు పెట్టిన సామానులో ఒక రేకు బిళ్ళ, దాని మీద నంబరు, పేరు, రక్తం గ్రూపు. పట్టుకుని సరాసరి మా షాపుకొచ్చారు.

"ఇది చూడమ్మా. ఏంటిది?"

"సైనికులు మెళ్ళో వేసుకుంటారు కదండి, అదీ. మనిషి పోతే ఎవరో గుర్తుపట్టడానికి."

"అది కాదమ్మా. ఈ పేరు కొట్టినోడు హడావిడిలో కొట్టాడు. చూడు, మూడో అక్షరం కిందికి దిగింది. వెనక లైన్లో చాలామంది నిలబడి ఉంటారు."

అలా మొదలైంది. తనలాగే సుత్తి పట్టుకున్న ఇంకొకడి పనితనం చూడడానికి మొదలుపెట్టి, ఆ పేరుగల మనుషుల్లోకి వెళ్ళిపోయారు. పాత సామాన్ల కొట్లవాళ్ళకి చెప్పి పెట్టారు. కొన్నేళ్ళలో మిఠాయి డబ్బా నిండా బిళ్ళలు చేరాయి. కొన్ని స్టీలువి. కొన్ని రెండో ప్రపంచ యుద్ధం నాటివి, పీచుని గట్టిగా ఒత్తి చేసినవి, ఎర్రగా పాత ఇటుక రంగులో ఉండేవి. ఒక్కో బిళ్ళా ఎవరిదో, ఆ కుటుంబం ఇప్పుడెక్కడుందో కనుక్కుని, తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టి రావాలని ఆయన పట్టు. ఇంగ్లీషు చదవలేరు. నేను కంప్యూటర్లో వెతికి, ప్రింటు తీసి, చదివి వినిపించేదాన్ని. ఎందుకండీ ఇదంతా అని ఒకసారి అడిగాను.

"వీళ్ళంతా ఎక్కడెక్కడికో వెళ్ళినోళ్ళు కదమ్మా" అన్నారు. అంతకంటే చెప్పలేదు.

మాట మధ్యలో ఆయన జేబులో ఫోను మోగేది. అలారం. ఆ మోత వినగానే ఉన్నపళాన లేచి వెళ్ళిపోయేవారు. నేను ఏదో సిపాయి ఏ ఊళ్ళో పోయాడో చదువుతుంటే, ఆ ఊరు పేరు వినకుండానే మెట్లు దిగేవారు. ఇంటి దగ్గర ఆయన భార్య, మా పిన్నిగారు, మంచంలో ఉండేవారు. పక్షవాతం వచ్చి అప్పటికే పదేళ్ళు దాటింది. మాట కాస్త ముద్దగా వచ్చేది గానీ ఒళ్ళు తనంతట తాను కదిలేది కాదు. కొన్ని గంటలకోసారి పక్కకి తిప్పకపోతే పుళ్ళు పడతాయి. పిల్లలు లేరు. ఖైరూన్ బీ హాస్టల్లో వంటకి వెళ్ళేలోపు కాసేపు కూర్చునేది, నీళ్ళు పట్టేది. తిప్పడం మాత్రం ఆయనే చేయాలి.

ఎంత లాగినా ఆయన ఇల్లు విడిచి ఉండగలిగింది నాలుగు గంటలు. నాలుగు గంటల్లో వెళ్ళి రాగలిగితేనే ఆ ఊరు ఆయన లోకంలో ఉన్నట్టు. ఇటు బాపట్ల, అటు రేపల్లె, మధ్యలో అమృతలూరు లాంటివి. ఒక బిళ్ళ ఒంగోలు దాటి ఒక పల్లెటూరిదని తేలితే దాన్ని మళ్ళీ డబ్బాలో వేసి, "ఇది మనది కాదులేమ్మా" అన్నారు. ఆ రోజు మాత్రం కంప్యూటర్లో ఆ ఊరి మ్యాపు చూపించమన్నారు. రైలు ఎక్కడ దిగాలి, కాలవ ఎటు, బడి ఎటు, అన్నీ అడిగారు. అలారం మోగింది.

ఆయన్ని చూసి జాలిపడడానికి నాకు అర్హత లేదు. మా ఆయన పెట్టి విసుగొచ్చి వదిలేసిన షాపులో తొమ్మిదింటికి కూర్చుంటే మళ్ళీ చీకటిపడ్డాకే లేచేదాన్ని. ఆయన తెచ్చిన బిళ్ళల వల్లే బర్మా, ఈజిప్టు అన్న పేర్లు ఆ గదిలోకి వచ్చాయి.

మూడేళ్ళ కిందట ఒక ఇత్తడి తమలపాకుల పెట్టె ఆయన చేతికి వచ్చింది. ఊపితే అడుగున ఏదో కదులుతున్న చప్పుడు. పెట్టెకి అడుగున ఎప్పుడో ఎవరో ఇంకో రేకు పెట్టి మాటు వేయించారు. ఆయన ఆ మాటు విప్పారు. లోపల ఎర్ర బిళ్ళ. దాని మీద నంబరు, రాఘవయ్య అని ఇంగ్లీషులో పేరు, హిందువని తెలిపే ఒక అక్షరం. పెట్టె మూత మీద చుక్కల అక్షరాల్లో పున్నమ్మ అనీ ఊరి పేరూ ఉన్నాయి. రేపల్లెలో దిగి ఆటోలో అరగంట వెళ్ళాలి. యుద్ధంలో పోయినవాళ్ళ జాబితాల్లో నేను వెతికితే ఆ నంబరుతో దొరికింది. బర్మా సరిహద్దులో పోయాడు. తండ్రి పేరు, భార్య సీతమ్మ పేరు, గుంటూరు జిల్లా. ఊరి పేరు మాత్రం ఎవరూ పోల్చుకోలేనంత తప్పుగా ఉంది.

"నువ్వు కూడా రావాలమ్మా" అన్నారు. "ఆ ఇంట్లో పెద్దావిడ ఉందట. ఆడమనిషి పక్కనుంటే మాట్లాడుతుంది."

షాపుకి తాళం వేసి పొద్దున రేపల్లె బండెక్కాం. ఆయన అంతసేపూ నిలబడే ఉన్నారు, తలుపు దగ్గర.

రాఘవయ్య కూతురు ఆవిడ, ఎనభైకి దగ్గర్లో ఉంటుంది. వరండాలో కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. పెట్టె చూడగానే చెయ్యి చాపింది.

"మా నాయనమ్మది ఇది. మావాడు పాత ఇత్తడంతా అమ్మేశాడు. నీకెట్టా వచ్చిందయ్యా? నా చిన్నతనమంతా ఇందులో ఆకులు తీసి ఆమెకి చిలకలు చుట్టిచ్చాను."

బాబాయ్ గారు పక్కన కూర్చుని, బిళ్ళ అరచేతిలో పెట్టుకుని, తను గిన్నెల మీద పేర్లు కొడతానని, అది ఏమిటో, ఎక్కడ దొరికిందో నెమ్మదిగా చెప్పారు. ఆవిడ బిళ్ళ ముట్టుకోలేదు. లోపల్నుంచి కొడుకు వచ్చాడు.

"అమ్మకి బీపీ అండి. ఇవన్నీ ఇప్పుడెందుకు?"

"నువ్వుండరా" అంది ఆవిడ. నా వైపు తిరిగింది. "చదువమ్మా. ఆ కాగితంలో ఏముందో చదువు."

చదివాను. పేరు, నంబరు, తండ్రి, భార్య. ఆయన చనిపోయిన నెలా సంవత్సరమూ చెప్పగానే ఆవిడ చేట కింద పెట్టింది.

"మన నెలల్లో ఏదమ్మా అది?"

"ఉగాది ఇంకా రాలేదండి అప్పటికి."

"నేను శ్రావణంలో పుట్టాను. ఆ ఉగాది వెళ్ళాకే." వేళ్ళ మీద ఒకసారి చూసుకుంది. మళ్ళీ మొదటినుంచి చూసుకుంది. "బర్మాలో ఇంకోదాన్ని కట్టుకున్నాడని చెప్పారమ్మా మా వాళ్ళు. ఆడపిల్ల పుట్టిందని ఉత్తరం రాస్తే, అయితే నేను రానన్నాడని చెప్పారు. మా అమ్మ నన్ను కొట్టేటప్పుడు ఆ మాటే అనేది. నువ్వు పుట్టావు, ఆయన రాలేదు అని."

లెక్కపెట్టిన వేళ్ళు మడుచుకుంది.

"అయితే నా వల్ల కాదన్నమాట."

ఆ మాట ఆవిడ మాలో ఎవరితోనూ అనలేదు. కొడుకు వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాడు. ఈ సంగతి తనకి కూడా తెలియదని అతని ముఖమే చెబుతోంది.

బాబాయ్ గారు అరచేతిలో బిళ్ళని చూస్తూ అన్నారు. "మీ నాయనమ్మకి కబురూ బిళ్ళా వచ్చుంటాయి తల్లీ. కోడలు చిన్నపిల్ల. బొట్టు తీయించడానికి మనసొప్పక దాచిందేమో."

"దాచింది. మా అమ్మ పోయేదాకా బొట్టు పెట్టుకునే ఉంది, గాజులతోనే పోయింది. నేనే పసుపు రాశాను." ఆవిడ గొంతు పెంచలేదు. "కానీ ఆమె బొట్టు నిలబెట్టడానికి ఆ తప్పు నా నెత్తిన పెట్టాలా అయ్యా?"

ఆయన తల వంచుకున్నారు. ఆవిడ లేచి లోపలికెళ్ళి, తను రోజూ అన్నం తినే స్టీలు కంచం తెచ్చింది. ఆయన సంచిలోంచి సుత్తి పిడి బయటికి కనిపిస్తోంది.

"పేర్లు కొడతావన్నావుగా. మా నాన్న పేరు కొట్టు. నా పెళ్ళిలో పీటల మీద మా పెదనాన్న పేరు చెప్పించారు. మా నాన్న పేరు ఏ వస్తువు మీదా లేదు. ఆయన పేరు, మా అమ్మ పేరు, నా పేరు. ఇంటిపేరుతో సహా."

నేను ఫోను చూశాను. మేము అప్పుడే లేస్తే తప్ప బండి అందదు. "బాబాయ్ గారూ, టైము" అన్నాను. ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో నన్ను ఏదో అడుగుతున్నట్టు అనిపించింది. కానీ నేను ఏం చెప్పగలను? ఆయన కంచం తీసుకుని, నేల మీద కూర్చుని కాళ్ళ మధ్య పెట్టుకున్నారు.

"రాఘవయ్య. దీర్ఘం ఉంది కదా తల్లీ?"

"ఉంది."

మూడు పేర్లు. ఎప్పుడూ అంత నిదానంగా కొట్టగా చూడలేదు. రెండో పేరు మధ్యలో అలారం మోగింది. ఉలి పట్టుకున్న చేత్తోనే జేబులోంచి ఫోను తీసి ఆపేసి, పక్కన పెట్టి, మళ్ళీ సుత్తి అందుకున్నారు. అయ్యాక బొటనవేలు పోనిచ్చి కంచం ఆవిడకిచ్చారు. ఆవిడ కూడా అలాగే వేలు పోనిచ్చింది. బిళ్ళ అప్పుడు తీసుకుంది, కొంగున ముడి వేసుకుంది.

బండి వెళ్ళిపోయింది. రేపల్లెలో బస్సెక్కాం. వేమూరు దగ్గర వడ్ల ట్రాక్టర్లు అడ్డం పడి బస్సు ఆగిపోయింది. ఖైరూన్ బీ హాస్టల్లో వంట దగ్గరుంటుంది, ఫోను ఎత్తలేదు. ఆయన కండక్టరు దగ్గరికి వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ వెళ్ళారు. "దిగి నడిస్తే ముందు పోతామా బాబూ?" అని అడిగారు. కండక్టరు నవ్వి, కూర్చోండి పెద్దాయనా అన్నాడు. ఆయన కూర్చోలేదు.

నేనూ ఆయన వెంటే ఇంటికి వెళ్ళాను. కరెంటు లేదు. పొద్దున ఏ పక్కకి తిప్పి వెళ్ళారో ఆ పక్కకే పిన్నిగారు పడుకుని ఉన్నారు. పక్కంతా తడిసిపోయి ఉంది. మూలగలేదు, అరవలేదు. కళ్ళు గుమ్మం మీదే ఉన్నాయి. "వచ్చావా" అన్నారు. ఆయన నన్ను బయటికి వెళ్ళమని చెయ్యి చూపించారు. తలుపు వేసుకున్నాక లోపల నీళ్ళ చప్పుడు, ఆయన మాట. ఏం చెబుతున్నారో వినబడలేదు. చాలాసేపు చెబుతూనే ఉన్నారు.

పిన్నిగారికి తుంటి మీద పుండు పడింది. మానడానికి నెలలు పట్టింది. ఆ తర్వాత ఆయన బండెక్కలేదు. రేపల్లె పోయింది, బాపట్ల పోయింది. చివరికి మెట్ల పక్క గోనెపట్టా కూడా పోయింది, గిన్నెలు ఇంటికే తెప్పించుకుని మంచం పక్కన కూర్చుని కొట్టేవారు. ఒకటి రెండుసార్లు నేను ఆ రోజు సంగతి ఎత్తబోతే, "గిరాకీ వచ్చినట్టున్నారు చూడమ్మా" అని మాట తప్పించారు.

మిగిలిన బిళ్ళలు నా చేత పంపారు. ఆదివారాలు షాపు కట్టేసి వెళ్ళేదాన్ని. తిరిగొచ్చి చెప్పాలి. ఏమన్నారో చెబితే సరిపోయేది కాదు.

"మాటలు కాదమ్మా. చేతిలో పెట్టగానే ఏం చేశారు?"

అమృతలూరులో ఒకాయన జేబులో వేసుకుని మళ్ళీ తీసి చూసి మళ్ళీ వేసుకున్నాడని చెప్పాను. పిట్టలవానిపాలెంలో ఒకామె కొంగుతో తుడిచి, తుడుస్తూనే ఉందని చెప్పాను. ఆయన సుత్తి ఆపి వినేవారు. పిన్నిగారు కూడా వినేవారు. "ఇల్లు ఎటువైపుందమ్మా? ఎండ ఎటు పడుతోంది?" ఒక్కోసారి నేను చూడనివి కూడా కల్పించి చెప్పాను. తెలిసే ఉంటుంది ఆయనకి.

ఆయన పోయాక పిన్నిగారిని బాపట్లలో ఉన్న తమ్ముడు తీసుకెళ్ళారు. పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. ముందు గదిలో మంచం వేశారు. మనిషి ఇంకా చిన్నదైపోయింది. మరదలు టీ ఇచ్చి వెళ్ళాక, ఏం మాట్లాడాలో తెలియక, "మీకోసం బాబాయ్ గారు ఎక్కడికీ వెళ్ళలేకపోయారు" అన్నాను. ఓదార్పు అనుకుని అన్నాను. అన్నాక అదెంత తప్పు మాటో తెలిసింది.

పిన్నిగారు కోప్పడలేదు. ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పారు.

"అందరూ అదే అంటారమ్మా. నేను కట్టేశానని. మా పెళ్ళయిన ఏడాది ఆయన మిలిటరీకి సెలక్టయ్యాడు. నీకు చెప్పలేదు కదా."

"లేదండి."

"ఎవరికీ చెప్పలేదు. ట్రంకుపెట్టె సర్దాను. వీధి వీధంతా స్టేషన్‌కి వచ్చి బండెక్కించారు. బాపట్లలో దిగిపోయాడు. ఈ ఊళ్ళోనే. గంటసేపు కూడా పోలేదు. దిగి, ప్లాట్‌ఫారం మీద చీకటిపడేదాకా కూర్చుని, ఇంకో బండెక్కి వచ్చేశాడు. అప్పుడు నాకు ఒంట్లో ఏ జబ్బూ లేదు. నేను పరిగెత్తేదాన్ని."

నేను టీ గ్లాసు కింద పెట్టాను.

"అడిగినోళ్ళకి చెస్టు కొలత చాల్లేదని వెనక్కి పంపేశారని చెప్పాను. నేనే చెప్పాను, ఆయన కాదు. అందరూ నమ్మారు. ఆయన కూడా ఆ మాటే పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఇద్దరం ఆ మాట మీదే ఉన్నాం."

"ఎందుకు దిగిపోయానన్నారు?"

ఆమె కళ్ళు గుమ్మం వైపు తిప్పారు.

"నేను అడగలేదమ్మా. ఆ రోజు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రావాలో వద్దో తెలియనట్టు. నాకేమో పండగలా ఉంది, మనిషి తిరిగొచ్చాడు. ఆ సంతోషంలో ఏమీ అడగలేదు. నీళ్ళిచ్చాను. తాగాడు. అడిగుంటే ఏదో ఒకటి చెప్పేవాడు, దాంతో అయిపోయేది. తర్వాత, వెళ్ళినోళ్ళ బిళ్ళలు ఒక్కొక్కటీ తెచ్చి నా పక్కన కూర్చుని తుడుస్తుంటే చూస్తూ పడుకున్నాను. అప్పుడైనా అడగొచ్చు. ఆయన చేతుల మీద బతుకుతూ ఎట్టా అడగను?"